మా గుమ్మం దాటిపోయిన జున్ను

జూలై 13, ఆదివారం

నా పేరు అచ్చాయమ్మ. వయసు డెబ్బై ఎనిమిదని ఆధార్ కార్డు అంటుంది. నా లెక్కలో ఇంకో రెండు ఎక్కువే ఉంటాయి, కానీ కార్డుతో పోట్లాడటానికి ఇప్పుడు తీరిక లేదు. పాలకొల్లు పక్కన కొత్తగరువు మా ఊరు. ఇంట్లో నేను, మా అబ్బాయి నాగేశ్వరప్రసాద్, కోడలు హేమశ్రీ. అబ్బాయికి పాలకొల్లులో ఎరువుల కొట్టు. కోడలిది రాజమండ్రి, ఇక్కడ కాలేజీలో జువాలజీ చెబుతుంది. మా ఆయన పోయి చాలా కాలమైంది. మా ఆవు గౌరి పోయినేడు పోయింది. పెరట్లో పశువుల పాక ఖాళీగా ఉంది.

నాకు చదువు రాదు. నేను చెబుతాను, హేమ రాస్తుంది. ఇది పంచాయతీలో చదవడానికి కాదు. కోపం వచ్చినప్పుడు నేను చెప్పాల్సినవి మరిచిపోయి చెప్పకూడనివి చెబుతాను, అందుకని నాకోసమే రాయించుకుంటున్నాను. ఎవరికీ చూపించనని హేమ చేత ఒట్టు వేయించుకున్నాను.

నా కేసు ఇది. గౌరి కడుపున పుట్టిన పెయ్యను కాలువ అవతల లోవమ్మకు పెంపకానికి ఇచ్చాను. రెండు పశువులకు కుడితి పెట్టే ఓపిక అప్పటికే నాకు లేదు. ఒప్పందం నోటిమాటే. దాని తొలి దూడ నాకు. ఆ తర్వాత ఆవూ, దాని సంతానమూ ఆమెకు.

ఈ నెల మొదట్లో నేను కాలినొప్పికి తణుకులో మా చిన్నమ్మాయి ఇంట్లో ఉండగా ఆ ఆవు ఈనింది. పెయ్యదూడ. తెల్లదట, నుదుటన ఎర్రమచ్చట. ఆ మచ్చ మా అమ్మ నన్ను కాపురానికి పంపుతూ వెంట తోలించిన ఆవుది. అప్పటినుంచి తరం తప్పకుండా వస్తోంది.

నేను తిరిగి వచ్చేసరికి లోవమ్మ ఊరంతా జున్ను పంచేసింది. ఊరి పెద్ద వెంకటరాజుగారింటికి పంపింది. పోస్టాఫీసుకు పంపింది. రొయ్యల చెరువుల దగ్గర అద్దెకు దిగిన పరాయి ఊరి కుర్రాళ్ళకు కూడా పంపింది. మా గుమ్మం ఒక్కటే దాటిపోయింది. ఇదేంటని కబురు చేస్తే, "పోయినేడు పడిపోయిందే, అదే తొలి దూడ. ఆవిడది ఆవిడకి పోయింది. ఇది నాది" అందట.

పోయినేడు ఆ ఆవు ఏడో నెలలో ఈసుకుపోయింది. కడుపు నిలవలేదు. దాన్ని దూడంటారా? దానికి జున్ను పంచారా? మా వైపు జున్ను పంచితేనే ఈత. ఎవరింటి జున్నో వాళ్ళదే దూడ. ఇది నా మొదటి పాయింటు.

అన్నట్టు, ఆ పంచిన జున్ను కూడా సరిగ్గా కుదరలేదట. నీళ్ళోడిందట. తిన్నవాళ్ళు చెప్పారు. తొలిపాల జున్ను అలా ఉండదు. అది రాయి హేమా.

అబ్బాయి ఒక మాట అన్నాడు. "ఆషాఢం వెళ్ళగానే పాక తీసేసి కారు షెడ్డు వేయిస్తానమ్మా. దూడ వస్తే మాట వేరు. ఖాళీ పాకకి కాపలా ఎందుకు?"

ఆషాఢం ఇంక పూర్తిగా రెండు వారాలు లేదు.

నాకు దూడ మీద ఆశ లేదు. న్యాయం కోసం అడుగుతున్నాను.

జూలై 14, సోమవారం

లోవమ్మ బజారులో నా వంక చూడకుండా బెండకాయలు ఏరుకుంది. అన్నీ ముదురువే తీసుకుంది. సంతోషం.

జూలై 16, బుధవారం

హేమ సెలవు పెట్టి నన్ను తణుకు తీసుకెళ్ళింది. అక్కడ కాలినొప్పులకు వ్యాయామం చేయించే డాక్టరమ్మ నా పిక్క పిసికి చూసి, హేమతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అందులో "కాఫ్, కాఫ్" అని నాలుగుసార్లు వినబడింది. రోజూ నడవాలని మాత్రం తెలుగులో చెప్పింది.

బస్సులో అడిగాను. "కాఫ్ అంటే ఏంటే?"

"పిక్క అండి అత్తయ్యగారూ. దూడని కూడా అదే మాట అంటారు."

"నేను దూడ కేసులో ఉన్నానని డాక్టరమ్మకి చెప్పేశావా?"

"అయ్యో, లేదండి! నిజంగానే అంటారు. ఏనుగు పిల్లనీ అంటారు, తిమింగలం పిల్లనీ అంటారు. మా కాలేజీలో జాగ్రఫీ చెప్పే సుధాకర్‌గారైతే, సముద్రంలో పెద్ద మంచుకొండ నుంచి చిన్న ముక్క విరిగి పడితే అదీ ఈనడమే అంటారు."

"ఐసుకొండ ఈనుతుందా?"

"ఆయన అలాగే చెబుతారండి."

"మరి జున్నెవరు పంచుతారు?"

ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. నేను ఆయన కోసం అనలేదు. నిజంగానే అడిగాను. ఈనడమంటే ఒకరి ఇంట్లో సంతోషం, నలుగురి ఇళ్ళకు గిన్నెలు వెళ్ళడం. అవేవీ లేకుండా ఊరికే విరిగి నీళ్ళలో పడితే అది ఈనడం ఎలా అవుతుంది? నా మొదటి పాయింటుకు ఇది బలమే.

పూర్వం దొరలు మంచి పుస్తకాలకు లేగదూడ తోలుతో అట్టలు వేసుకునేవారని కూడా హేమ చెప్పింది. ఆ మాట విన్నాక నేను బడికి పోకపోవడమే మంచిదైందనిపించింది.

జూలై 17, గురువారం

డాక్టరమ్మ నడవమంది కదా, కాలువ వంతెన దాకా నడిచాను. దాహానికి మజ్జిగ పట్టుకెళ్ళాను. వంటింట్లో పై అరలో ఒక బుల్లి స్టీలు క్యాన్ దొరికింది. పిడికి నీలం వలతాడు చుట్టి ఉంది, చెయ్యి కోసుకోదు. ఎక్కడిదని హేమను అడిగితే, "మీరు లేనప్పుడు ఎవరో తెచ్చారండి" అంది పేపర్లు దిద్దుకుంటూ. ఎవరో గానీ మంచి పని చేశారు.

వంతెన మీది నుంచి లోవమ్మ పెరడు మొత్తం కనబడుతుంది. నేను పనిగట్టుకుని చూడలేదు. కనబడింది. దూడ తోక పైకెత్తి అరుగు చుట్టూ పరుగెత్తింది. కోడిపెట్టను చూసి బెదిరింది. మళ్ళీ దాని వెంటే పడింది. మచ్చ ఉన్నమాట నిజం.

దూడ కోసం వెళ్ళలేదు. పిక్క కోసం.

జూలై 18, శుక్రవారం

పిక్క కోసం వంతెన దాకా వెళ్ళాను.

జూలై 19, శనివారం

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. సాయంత్రం దానికి మెళ్ళో గంట కట్టారు. గంట చిన్నది. దాని మెడకు ఇంకొంచెం పెద్దది ఉండాలి.

జూలై 20, ఆదివారం

పశువుల డాక్టరు గణేష్‌బాబు మా వీధిలోకి వస్తే పిలిచి కాఫీ ఇచ్చాను. ఏడో నెలలో పడిపోయింది దూడేనా అని అడిగాను.

"మా లెక్కలో అది ఈత కాదండి. మామూలుగా తొమ్మిది నెలలు నిండి ఈనితేనే తొలి ఈత అని రాసుకుంటామండి."

"ఆ మాట పంచాయతీలో చెబుతావా?"

"ఆయ్, చెబుతానండి. కానీ లోవమ్మగారు కూడా నిన్న కాఫీ ఇచ్చారండి. ఆవిడా రమ్మన్నారండి."

ఆమె కాఫీ ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. వెళ్ళేటప్పుడు మిగిలిన జంతికలు కట్టి ఇద్దామనుకున్నాను, ఇవ్వలేదు.

సాయంత్రం అబ్బాయి వకీలు స్నేహితుడికి ఫోను చేశాడు. చట్టం లెక్కలో దూడ చరాస్తి అట. ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలించగల వస్తువట.

"ఫ్యాను లాంటిదన్నమాట అమ్మా" అన్నాడు.

"నీ ఫ్యాను నిన్ను చూసి అంబా అంటుందా?"

"మనకి కావలసింది హక్కు కదా, అంబా కాదు కదా!"

వాడికి నా పోలిక రాలేదు.

జూలై 21, సోమవారం

పాలకొల్లు క్షీరారామంలో అభిషేకం చేయించాను. కేసు సంగతి చెబితే పూజారిగారు ఇంకో లెక్క చెప్పారు. ఆవు ఈనుతుండగా దూడ మొహం బయటికి కనబడే వేళ ఆ ఆవుకు రెండు మొహాలున్నట్టేనట, అప్పుడు ప్రదక్షిణం చేస్తే భూమినంతా చుట్టినంత పుణ్యమట. అంటే ఆయన లెక్కలో దూడ పూర్తిగా పుట్టకముందే దూడ.

మరి ఏడో నెలలో పడిపోయినదో అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన ఏం చెబుతారో నాకు అనుమానం వచ్చింది. ఒక్కోసారి అడగకపోవడమే తెలివి.

డాక్టరుది ఒక లెక్క, వకీలుది ఒకటి, పూజారిగారిది ఒకటి, కాలేజీవాళ్ళవి అన్నీ కలిపి నాలుగు. ఎవరి లెక్కలోనూ అది కోడిపెట్ట వెంట పడదు.

జూలై 22, మంగళవారం

ఇవాళ వంతెన మీద లోవమ్మ ఎదురొచ్చింది. చీపురు చేత్తోనే వచ్చింది.

"ఏంటొదినా, వంతెనకి కాపలా పెట్టారా నిన్ను?"

"డాక్టరమ్మ నడవమంది."

"నడవమంటే నడవాలి. నిలబడమనలేదుగా!"

"వంతెన పంచాయతీది. నీ మొగుడు కట్టించలేదు."

"దూడ కనబడుతోందా సరిగ్గా? పోనీ కుర్చీ పంపించనా?"

"దూడ గంట చిన్నది. ఆ మాట చెబుదామని నిలబడ్డాను."

గంట మాటకు ఆమె కొంచెం తగ్గింది. తర్వాత చీపురు గట్టుకు ఆనించి, "పోయినేడు పడిపోయింది దూడ కాదని ఊరంతా చెప్పిస్తున్నావట. దానికీ నాలుగు కాళ్ళున్నాయొదినా. కడిగాను. నా పాత చీర చుట్టి మందారం కింద పాతిపెట్టాను. ఆవు మూడు రోజులు ఆ మట్టి వాసన చూసి అరిచింది. నువ్వు ఒక్కసారి రాలేదు" అంది.

అప్పుడు గౌరికి జబ్బుగా ఉంది. నేను ఎక్కడికీ కదలలేదు. ఆ మాట చెప్పవచ్చు. నేను చెప్పింది వేరు.

"జున్ను పంచావా దానికి?"

"ఏం పాలతో పంచమంటావొదినా?" అంది. చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

ఈ పాయింటు ఆమెది. ఇది రాయకు హేమా. రాసేశావా? సరే, చదివేటప్పుడు వదిలెయ్.

జూలై 24, గురువారం. అమావాస్య

నడవలేదు. పిక్క బాగానే ఉంది.

జూలై 25, శుక్రవారం

శ్రావణం వచ్చింది. అబ్బాయి పొద్దున్నే టేపు పట్టుకుని పాక కొలిచాడు. గౌరిని కట్టిన గుంజను తట్టి, "ఇది గట్టిగానే ఉందమ్మా, గేటుకి పనికొస్తుంది" అన్నాడు.

నేను పాకలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. పేడ వాసన పోయింది. ఏ వాసనా లేని పశువుల పాకలో కూర్చుంటే, ఏదో ఆఫీసులో పిలుస్తారేమోనని కూర్చున్నట్టు ఉంది.

ఆదివారం రాజుగారి అరుగు మీద పంచాయతీ. దూడ రాకపోతే సోమవారం పనివాళ్ళు వస్తారు.

న్యాయం కోసమే. మళ్ళీ రాయి.

జూలై 27, ఆదివారం

ఇవాళ్టిది పెద్దది. కాఫీ తాగి చెబుతున్నాను.

వెంకటరాజుగారు అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్నారు. ఒక పక్క నేను, అబ్బాయి, హేమ. ఇంకో పక్క లోవమ్మ ఒక్కతే. మధ్యలో గణేష్‌బాబు, రెండిళ్ళ కాఫీ తాగినవాడు కదా, ఎటు చూడాలో తెలియక స్తంభం వంక చూస్తున్నాడు. మొదలుపెట్టగానే ఇద్దరం ఒకేసారి లేచాం.

"అమ్మా, ఇద్దరూ కలిసి అరవకండి. ఒకరి తర్వాత ఒకరు అరవండి" అన్నారు రాజుగారు.

నేను ముందు అరిచాను. ఒప్పందం చెప్పాను. డాక్టరు లెక్క చెప్పించాను. జున్ను పాయింటు చెప్పాను, ఐసుకొండతో సహా. రాజుగారు ఐసుకొండ దగ్గర కొంచెం తికమకపడ్డారు గానీ తల ఊపారు. చివరికి, "ఊరందరికీ పంచి నా గుమ్మం తప్పించింది. అలా చేసే మనిషికి న్యాయం తెలుసంటారా?" అని అడిగి, గొంతు ఆరిపోయి, క్యాన్ మూత తీసి మజ్జిగ తాగాను.

లోవమ్మ నన్ను చూడటం లేదు. క్యాన్‌ను చూస్తోంది.

"అది నా క్యాన్."

"నీదేంటి? మా ఇంట్లోది."

"పిడికి ఆ తాడు చుట్టింది నేను. మా ఆయన వలలో మిగిలిన తాడది. రాజుగారూ, చూడండి, ముడి కూడా నాదే. నా క్యాన్‌లో మజ్జిగ తాగుతూ నా మీదే పంచాయతీ!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ముడి చూశాను. వల అల్లేవాళ్ళు వేసే ముడే అది.

"ఎలా వచ్చింది నా ఇంటికి?"

"ఎలా వస్తుందొదినా, నేను తెస్తే వచ్చింది! ఆవు ఈనిన పొద్దున్నే దూడ తాగాక మిగిలిన ముర్రుపాలు, ఒక్క చుక్క ఉంచుకోకుండా అందులో పోసి మీ ఇంటికి తెచ్చాను. నువ్వు లేవు. నీ కోడలి చేతికిచ్చి, అత్తగారికివ్వమ్మా అన్నాను. దూడ నీది గనక జున్ను నువ్వు వండాలి, నువ్వు పంచాలి. రెండు రోజులు చూశాను. జున్నూ లేదు, కబురూ లేదు, ఆఖరికి క్యాన్ కూడా రాలేదు. దారినపోయే ప్రతివాళ్ళూ ఆవు ఈనిందటగా, జున్నేదీ అని అడగడం! పోయినేడు దానికి రాలేదు, ఇప్పుడు దీనికీ రాలేదు, అచ్చాయమ్మొదినకి దూడ అక్కర్లేదు కాబోలనుకున్నాను. అక్కర్లేకపోతే నాదే. మిగతా పాలతో నేనే వండుకుని పంచుకున్నాను. మీ ఇంటికెందుకు పంపిస్తాను?"

అందుకే ఆ జున్ను నీళ్ళోడింది. తొలిపాలు అందులో లేవు.

నేను హేమ వైపు తిరిగాను. హేమ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"అత్తయ్యగారూ... ఫ్రీజర్‌లో ఉన్నాయండి."

"ఏంటీ?"

"ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ అండి. మీరు వచ్చాక అడుగుదామని డబ్బాలో పోసి పైన పెట్టేశాను. తర్వాత మరిచేపోయాను. రాజమండ్రిలో మేం జున్ను బండి మీద కొనుక్కు తింటామండి. పాలు పంపడంలో ఇంత సంగతి ఉందని నాకు తెలీదు."

అంటే ఇన్ని రోజులు నా కేసు నాచేత చెప్పించుకుని, చెప్పింది చెప్పినట్టు రాసి, రాసి, లేచి వెళ్ళి అదే ఫ్రిజ్‌లోంచి మంచినీళ్ళ సీసా తెచ్చుకుంది. ఇది రాస్తూ ఏడవకు. సిరా పోతుంది.

అబ్బాయి బండేసుకుని వెళ్ళి డబ్బా తెచ్చాడు. మూత తీస్తే పసుపుపచ్చగా, రాయిలా గడ్డకట్టి ఉంది. రాజుగారు వేలితో తట్టి చూశారు. పాడయ్యాయా అని అడిగితే గణేష్‌బాబుకు ఇవాళ మొదటిసారి ధైర్యం వచ్చింది. "లేదండి, చక్కగా ఉంటాయండి. తల్లిలేని దూడల కోసం మేమూ ఇలాగే దాస్తామండి" అన్నాడు.

"మీ కాలేజీ ఐసుకొండ మనింట్లోనే ఈనిందే హేమా" అన్నాను. అప్పుడు లోవమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది. ఆగలేదు. నాకూ ఆగలేదు.

రాజుగారు తీర్పు చెప్పారు. "తొలిపాలు పంపిందంటే దూడ మీదని లోవమ్మ ఒప్పుకున్నట్టే. మీరు తోలుకెళ్ళండి అచ్చాయమ్మగారూ."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళు వంతెన దాకా నడిచాను. సరేనని లేచి రావాలి. నా నోరు ఎప్పుడు నా మాట విన్నది గనక!

"అలా కుదరదండి. పోయినేడు పడిపోయిందీ దూడే. చీర చుట్టి పాతిపెట్టింది. ఆవు అరిచింది. దానికి జున్ను రాలేదంటే పాలు లేక రాలేదు గానీ, దూడ కాక కాదు. అదే తొలి దూడ. లెక్క ప్రకారం ఇది లోవమ్మది."

"నోర్మూసుకో ఒదినా! నీదని పాలు పంపాక మళ్ళీ నాదేంటి?"

"నీదే అంటున్నానా!"

"నాకక్కర్లేదంటున్నానా!"

"నాకు భోజనం వేళయింది" అన్నారు రాజుగారు లేచి. "ఇందాక లాక్కోడానికి కొట్టుకున్నారు, ఇప్పుడు అంటగట్టడానికి కొట్టుకుంటున్నారు. ఇదిగో, వినండి. పాలు మరిచేదాకా దూడ తల్లి దగ్గరే ఉంటుంది. తర్వాత అచ్చాయమ్మగారి పాకకి వస్తుంది. అది పెరిగి ఈనితే దాని తొలి దూడ లోవమ్మది. ఇంక ఎవరైనా మాట్లాడితే దూడని నేను ఉంచేసుకుంటాను."

ఇద్దరం లేచి చెప్పులు వేసుకున్నాం.

అబ్బాయి దారిలో ఫోను తీసి పనివాళ్ళను రేపు రావద్దన్నాడు. రమ్మను అన్నాను. పాకకు కొత్త తాటాకు వేయించాలి. గుంజ జోలికి మాత్రం రావద్దు.

జూలై 28, సోమవారం

లోవమ్మ వంటింట్లోనే వండాం. పాలు కరిగించి, కొత్త బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరి మీద పెట్టాం. బెల్లం ఎక్కువైందని ఆమె, మిరియం తగ్గిందని నేను. గట్టిగా కుదిరింది. చాకుతో కోస్తే ముక్క నిలబడింది.

మొదటి గిన్నె ఎవరింటికని లోవమ్మ అడిగింది. నేను ఆకులో ఒక ముక్క పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి మందారం మొదట్లో పెట్టాను. దూడ వచ్చి ఆ ఆకు తినబోతే ఇద్దరం కలిసి తోలాం. దాని మొహం మొదటిసారి దగ్గరగా చూశాను. గంట చిన్నదే.

తర్వాత ఊరంతా పంచాం. పోస్టాఫీసు, రొయ్యల చెరువుల కుర్రాళ్ళు, రాజుగారు. ఏ గుమ్మమూ దాటిపోలేదు.

నాకు దూడ మీద ఆశ లేదని ముందు పేజీల్లో ఎన్నిసార్లు రాసి ఉందో, హేమ చదువుతూ అన్నిసార్లూ నా మొహం చూసింది. కొట్టెయ్యనా అని అడిగింది. ఉండనీ అన్నాను. అబద్ధమైతే మాత్రం, నేను చెప్పిందేగా.

ఇవాళ్టితో నా కేసు అయిపోయింది. అచ్చాయమ్మ అనే నేను చెప్పగా నా కోడలు రాసింది, నాకు చదివి వినిపించింది, సరిగ్గానే ఉంది. ఎవరికీ చూపించకూడదన్న ఒట్టు నేనే తీసి గట్టున పెట్టి, సాక్షులను పిలిపించి కింద వేలిముద్ర వేస్తున్నాను.

లోవమ్మ క్యాన్ లోవమ్మకు తిరిగి ఇచ్చేశాను. ఖాళీగా ఇవ్వలేదు. అందులో గౌరి మెడలో ఉండే పెద్ద గంట పెట్టి ఇచ్చాను.

అచ్చాయమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర (కొంచెం బెల్లం అంటింది)

సాక్షులు:
లోవమ్మ, వేలిముద్ర
వెంకటరాజు, సంతకం

రాసినది: హేమశ్రీ